యూరిపిడీసుని ‘ట్రాయ్ స్త్రీలు’ – స్వదేశనిర్వేదము

‘మనసు విఱుగుట’ యను పలుకుబడి తెలుఁగువారి కందఱకుఁ దెలిసినదే. దాని బరువు మాత్రము నాకు 1990 వ సంవత్సరమునఁ దెలియవచ్చినది. అప్పుడు నేను సిద్ధాంతకౌముదిలోఁ గారకప్రకరణమును జదువుచుంటిని. మా పొరుగింటివాఁడొకఁడు సైన్యమునఁ బనిచేయుచు, 1987 జూలై నాఁటి యొడంబడికవెంట సింహళద్వీపమునకుఁ బంపఁబడిన శాంతిపరిరక్షణదళముతోఁ బోయి, మూఁడేండ్లకు మరలివచ్చెను. మా నాయనగారు వానిని జూచి, “దేశమున కింత పని చేసివచ్చితివి, ఏల యట్లున్నావురా?” యని యడుగఁగా, వాఁడు “ఏం చెప్పమంటారు పంతులుగారూ, దేశం మీద మనసు విరిగిపోయింది” అని యూరకుండెను. శాంతి నిలుపుటకని పోయినవారు యుద్ధము చేయవలసివచ్చినది. తొలుత నెవరికి మనవారే యాయుధవిద్య నేర్పిరో వారితోనే పోరవలసివచ్చినది. ఇంచుమించు 1,200 మంది సైనికులు తిరిగి రాలేదు. నాఁడు నేను వ్యాకరణవిద్యార్థిని. ఆ దుఃఖముకంటె నా క్రియాపదమే నన్ను ముందుగా నాకర్షించినది. పాలు విఱుగును, నీరు విఱుగదు. విఱుగుటకుఁ దొలుతఁ బాలుగా నుండవలయును.

సంస్కృతమున దీనికి మిక్కిలి దగ్గఱి మాట నిర్వేదము. భరతముని వ్యభిచారిభావములు ముప్పదిమూఁటిలో దీనినే మొదట నిలిపినాఁడు. దారిద్ర్యము, అవమానము, ఇష్టజనవియోగము, తత్త్వజ్ఞానము మున్నగునవి దీనికి విభావములు. మమ్మటుఁడు నిర్వేదమును శాంతరసమునకు స్థాయిగాఁ జెప్పినాఁడు. కాని స్వదేశము పరదేశమునకుఁ జేసిన యన్యాయము విభావముగాఁ గల నిర్వేదమునకు మన లక్షణగ్రంథములలో నుదాహరణము నాకుఁ గానరాలేదు. హేతు వూహింపరానిది కాదు. మన నాటకములలో దేశమనఁగా రాజు. రాజు తప్పిన నా తప్పును మంత్రిమీఁదికో విధిమీఁదికో నెట్టుట సులభము. పౌరులే సభఁగూడి చేతులెత్తి పరరాష్ట్రముపై దండయాత్రను నిశ్చయించిన చోట నీ భావ మెట్లుండునో తెలియఁగోరువాఁడు ఏథెన్సు నగరమునకుఁ బోవలసియున్నది. క్రీ.పూ. 415 వ సంవత్సరపు వసంతమున, డయోనిససు దేవుని యుత్సవములో యూరిపిడీసు ప్రదర్శించిన ‘ట్రాయ్ స్త్రీలు’ అను నాటకమునుగూర్చి యిట విచారింతును. గ్రీకుభాష నాకు రాదు గావున, గిల్బర్టు మర్రే 1905 లోఁ బ్రకటించిన యాంగ్లపద్యానువాదమును, రిచ్మండు లాటిమోరు చేసిన యనువాదమును నెదురెదురుగాఁ బెట్టుకొని చదివితిని. మర్రేది తీపి, లాటిమోరుది ముక్కుసూటి. ఈ నాటకమునకు రెండవదియే తగినదని నా తలంపు.

నాటకమునకు ముందు నగరచరిత్రమును గొంత చెప్పక తప్పదు. పెలొపొనీసియను యుద్ధము క్రీ.పూ. 431 లో మొదలయ్యెను. 427 లో మిటిలీని పట్టణము ఏథెన్సుపైఁ దిరుగఁబడి యోడిపోయినది. అచ్చటి మగవారి నెల్లఁ జంపి స్త్రీలను బిల్లలను దాసులుగా నమ్మవలయునని ఏథెన్సుసభ తీర్మానించి, యాజ్ఞతో నొక యోడను బంపినది. మఱునాఁడు పౌరుల కది క్రూరమని తోఁచి మరల సభఁ గూడిరి. కొలఁది యాధిక్యముతోఁ దీర్మానము మాఱినది. రెండవ యోడ బయలుదేఱి, తెడ్లు వేయుచునే భోజనముచేసిన నావికులతో సకాలమునఁ జేరి, జనులను గాపాడినది. తిరుగుబాటునకు నాయకులైన వారినిమాత్ర మప్పటికిని విడువలేదు. అయినను, ఒకరాత్రి నిద్రపట్టక మనసు మార్చుకొన్న నగరముగా దాని నెన్నవచ్చును. ఆఱేండ్లు గడచినవి. 421 లో స్కయోని పట్టణమునఁ బురుషులను జంపిరి, స్త్రీలను బిల్లలను దాసులఁ జేసిరి. రెండవ యోడ లేదు. 416 లో మేలోసు అను చిన్న ద్వీపమును ముట్టడించిరి. ఆ ద్వీపవాసులు స్పార్టావారి సంతతివారు. మధ్యస్థులుగా నుందుమని వేఁడుకొనిరి. ఆ చలికాలమున వారు లొంగిపోఁగా మగవారిని జంపి, తక్కినవారిని దాసులఁ జేసి, తమ జనులను 500 మందిని నచట నెక్కొల్పిరి. పశ్చాత్తాపసభ యీ మాఱును లేదు. అంతటితో నాఁగక మఱుసటి వసంతముననే సిసిలీద్వీపముపైకి మహానౌకాబలమును బంపుటకు నిశ్చయించిరి. ఆ నిశ్చయము చేసిన పౌరులును, నాటకశాలలోని రాతిమెట్లపైఁ గూర్చున్న ప్రేక్షకులును నొక్కరే.

యూరిపిడీసు తొలినుండియు నగరద్వేషి గాఁడు. 431 నాఁటి ‘మీడియా’లో ఏథెన్సును గూర్చి గానబృందము చేసిన స్తుతి మిక్కిలి మధురమైనది. ‘హెరక్లీసు సంతానము’ అను నాటకమున శరణన్న బాలకులకై ఏథెన్సు యుద్ధమునకుఁ దలపడును. ‘శరణార్థినులు’ అను దానిలో, పరదేశపు తల్లులు తమ కుమారుల శవములకు దహనసంస్కారము కోరి యేడ్వఁగా, ఏథెన్సురాజు థీసియసు తన సైన్యముతోఁ బోయి వానిని దెచ్చి యిచ్చును. అనఁగా బలహీనునికై కత్తిపట్టుటయే తన నగరముయొక్క స్వభావమని కవి నమ్మి, నమ్మించినాఁడు. పాలు గలవు గనుకనే విఱుగుట గలిగినది.

ఇఁక నాటకము. దీనిలోఁ గథ లేదని కొందఱి యాక్షేపణము. ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అను మన యవస్థ లైదింటిలో నొకటియు నిందుఁ గానరాదన్నది నిజమే. ట్రాయ్ పట్టణము కాలిపోయినది. మగవారు చచ్చిరి. చెఱఁబట్టఁబడిన స్త్రీలను జీట్లువేసి పంచుకొనుచున్నారు. వృద్ధరాణి హెక్యుబా నేలపైఁ బడియుండి, యొకదానివెంట నొకటిగా వార్తలను వినుచుండును: ఒక కూఁతురు సమాధికడ బలి యైనది, ఉన్మాదినియైన కసాండ్ర శత్రురాజునకు భోగ్య యైనది, కోడలు ఆండ్రోమకి, తన భర్తను జంపిన వాని కుమారునకు దాసి యైనది. కాని ఫలాగమము లేదనుట సరి గాదు. ఫలము గ్రీకులకు నాటకమునకు ముందే చేకూఱినది. ఆ ఫలమును జేతఁబట్టుకొని త్రిప్పి త్రిప్పి చూపుటయే యీ నాటకము.

ప్రస్తావనయే విలక్షణము. సముద్రదేవుఁడు పొసైడను ట్రాయ్‌నుండి సెలవు పుచ్చుకొనుచుండఁగా ఎథీనాదేవి వచ్చును. ఆమె యా నగరమునకు బద్ధశత్రువు, గ్రీకులను గెలిపించినది. అట్టి యామె, తన యాలయమునఁ గసాండ్రను బలాత్కారముగా లాగిన వానిని గ్రీకు లెవ్వరును మందలింపకుండుటచేఁ దన పక్షమువారిపైనే తిరిగి, వారి నౌకలను సముద్రమున ముంచుటకుఁ బొసైడనుతో నొడంబడిక చేసికొనును. ఈ యెథీనా యెవరు? ఏథెన్సునకుఁ గులదేవత; నగరమునకుఁ బే రామెదే. నౌకలను సిద్ధముచేయుచున్న నగరము తన యిష్టదేవతయే నౌకలను ముంచఁగోరుట మొదటి ఘడియలోనే చూచినది. స్వపక్షముపై మనసు విఱిగినవా రీ నాటకమున నిద్దఱు. ఒకరు రంగముపై నున్న దేవి, రెండవవాఁడు రంగమునకు వెనుక నున్న కవి.

నా వృత్తికిఁ దగిన యొక్క విషయ మిందుఁ గలదు. టాల్థిబియసు అను దూత గ్రీకుల యాజ్ఞలను మోసికొనివచ్చువాఁడు. దుర్మార్గుఁడు గాఁడు. హెక్టరు కుమారుఁడు, పసివాఁడైన ఆస్ట్యనాక్సును కోటగోడపైనుండి పడఁద్రోయవలెనని తల్లితోఁ జెప్పుటకు వచ్చి, నోరాడక తడఁబడును. ఇట్టి వార్తలు మోయుటకు దయయు సిగ్గును లేనివాఁడు కావలయునని తనలోఁ దానే వగచును. తరువాత నా శిశువు శవమును దానే నదిలోఁ గడిగి, గోయి త్రవ్వించి, ముదుసలికిఁ బని తగ్గించును. మఱి చంపిన దెవరు? సభలో ఒడిస్యూసు చెప్పిన మాట నెగ్గినదని దూత చెప్పును. అనఁగా నొకఁడు పలికెను, సభ యొప్పుకొనెను, దూత నెఱవేర్చెను.

స్వతంత్రుఁడు కర్త యని చెప్పిన పాణిని, యా స్వతంత్రుని బ్రేరేపించువానికిఁ గర్తృసంజ్ఞతోఁ బాటు హేతుసంజ్ఞనుగూడ విధించినాఁడు. దేవదత్తునిచే యజ్ఞదత్తుఁడు వండించుచున్నాఁ డన్నప్పుడు, పొయ్యికడఁ జెమర్చువాఁడు దేవదత్తుఁడే యయినను యజ్ఞదత్తుని కర్తృత్వము పోదు. పడఁద్రోసినవారు సైనికులు, పడఁద్రోయించినవారు సభికులు. రాజులు గల దేశమున ణిజంతక్రియకుఁ గర్త యొక్కఁడే. అతనిని నిందించి యింటికిఁ బోవచ్చును. ఏథెన్సునందో, యా క్రియకుఁ గర్తలు ప్రేక్షకులే. కవియు వారిలో నొకఁడే. కావుననే యీ నాటకమున నిందకుఁ బేరు లేదు. “మీరు” అనినఁ దాను దప్పించుకొన్నట్లగును. “మేము” అనినఁ బశ్చాత్తాపప్రసంగ మగును. కవి రెండును మాని, ట్రాయ్ అన్నాఁడు. మా పొరుగింటి సైనికుఁడు “దేశం మీద” అన్నాఁడే గాని యెవ్వరి పేరును జెప్పకుండుట నా కిప్పుడు స్ఫురించుచున్నది.

ఈ నాటకమునకుఁ బ్రాణము శిశువు నంత్యక్రియఘట్టము. తండ్రి డాలునే పాడెగాఁ జేసి, దానిలో మనుమనిఁ బరుండఁబెట్టి, హెక్యుబా వాని చేతులు తండ్రి చేతులవలె నున్నవని మురిసి యేడ్చును. ఆపై నొక ప్రశ్న వేయును: వీని సమాధిపైఁ గవి యేమని వ్రాయును? ఈ బిడ్డకు వెఱచి గ్రీకులు వీనిఁ జంపిరని వ్రాయవలయును గదా! ఇది కరుణరసమాత్రము గాదు, రాజనీతివిమర్శ. అంత గొప్ప సేన, అంత గొప్ప విజయము, ఒక పసివానికి వెఱచుట యెట్లు? థ్యూసిడిడీసు వ్రాసిన మేలోసుసంవాదమును దీనిప్రక్కఁ బెట్టి చూడవలయును. మేము మధ్యస్థులుగా నున్న మీకేమి నష్టమని ద్వీపవాసు లడుగఁగా, ఏథెన్సుదూతలు, మీ శత్రుత్వముకంటె మీ స్నేహమే మాకు హానికరము, మిమ్ము విడిచిపెట్టిన మా క్రింది జనులు మమ్ము దుర్బలు లనుకొందురు, అని ప్రత్యుత్తర మిత్తురు. ఆ సంవాదమును జదివినవా రందఱు దానిలోని బలగర్వమునే తలపోయుదురు. గర్వము పైపొర, లోపలిది వెఱపు. చరిత్రకారుఁడు దూతల నోటఁ బలికించిన దానిని, నాటకకర్త ముదుసలి నోటఁ బలికించినాఁడు. వెఱపునకుఁ బుట్టిన క్రౌర్యమును రాజ్యరక్షణ మని పిలుచుట యే కాలమునను గలదు.

అలంకారదృష్టితోఁ జూచినచో గానబృందము పాడు మొదటి గీతములలోని దొక్కటి నన్ను మిక్కిలి యాశ్చర్యపఱచినది. చెఱలోని స్త్రీలు తమ్మే దేశమునకుఁ గొనిపోదురో యని తలంచుకొనుచు, థీసియసు పాలించిన ధన్యభూమికిఁ బోఁగలిగిన మేలు. స్పార్టా నదీతీరమునకు మాత్రము వలదు. కాదేని థెస్సలీ మంచిది. ఎట్నాపర్వతముగల సిసిలీయు మంచిదని విందుము, అని వరుసగాఁ జెప్పుదురు. థీసియసు భూమి యనఁగా ఏథెన్సు. పురుషులను జంపి స్త్రీలను దాసులుగా నమ్మిన నగరమునకే, దాసులు కాఁబోవు స్త్రీలు తమ్ముఁ గొనిపొమ్మని కోరుచున్నారు! మేలోసుస్త్రీలలోఁ గొందఱైన నప్పటికి ఏథెన్సు గృహములలో నీళ్లు మోయుచుందురని యూహించుట తప్పు గాదు. ఇది వ్యాజస్తుతి యని మొదట వ్రాసికొంటిని. పిమ్మట నా మాటను గొట్టివేసితిని. వ్యాజస్తుతిలో స్తుతి వట్టి వేషము. లోపలి నింద యొక్కటియే నిజము. ఇక్కడ స్తుతియు నిజమే. పదునాఱేండ్లక్రింద ‘మీడియా’లో నగరమును గొనియాడిన గొంతే యిది. ఆ నగర మట్లుండఁదగినదని కవికి నేఁటికిని నమ్మకము. అట్లు లేదని కన్నులయెదుటఁ గానవచ్చుచున్నది. రెంటిలో నొకటి యసత్యమైన నాతనికి నొప్పి యుండదు. మనవారు చెప్పిన యలంకారములలో దీనికి సరియైన పేరు నాకు దొరకలేదు. విజ్ఞు లెవరైనఁ జూపినచోఁ గృతజ్ఞుఁడను.

సిసిలీ పేరు వచ్చినప్పుడు సభలో నేమి కదలిక కలిగెనో! పౌరుల నోళ్లలో నా దినములలో నాడుచున్న పేరది. పాడినవారు చెఱలోని స్త్రీలు. విన్నవారిలో నెందఱో యాఱు నెలలు తిరుగకయే యచ్చటఁ గత్తి దూయుచుండిరి.

ఇటీవలి విద్వాంసులలోఁ గొందఱు, మేలోసు పడుటకును నాటకప్రదర్శనమునకును నడుమఁ గొలఁది నెలలే యుండుటచేతను, నాటకములు ముందుగనే వ్రాసి సిద్ధపఱుపవలసియుండుటచేతను, మేలోసు దీనికి మూలము గాఁజాలదని వాదించిరి. కాలగణనము సరియైనదే. కాని మేలోసు మొదటిది గాదని పైనఁ జూపితిని. స్కయోని జరిగి యాఱేండ్లయినది. కవికి మేలోసు కావలసినంత యవసరము లేదు. ప్రేక్షకులకు మాత్ర మది తప్పించుకొన వీలులేని వ్యాఖ్యానముగా వచ్చిపడినది. వాక్యము ముందు వ్రాయఁబడి, తరువాత జరిగిన దానివలన దాని కర్థపూర్తి యగుట కావ్యములలోఁ గ్రొత్త గాదు.

ఏథెన్సుపక్షమునఁ జెప్పవలసినదియుఁ గలదు. క్రీ.పూ. 494 లో మిలేటసు నగరము పారసీకులచేఁ బడినపిమ్మట, దానినిగూర్చి ఫ్రినికసు నాటకము వ్రాయఁగా సభ యంతయు నేడ్చినదఁట. తమ కష్టములను జ్ఞప్తికిఁ దెచ్చినాఁడని కవికి వేయి ద్రాక్మాల దండన విధించి, యా నాటకమును మరల నాడరాదని శాసించిరి. హెరడోటసు దీనిని వ్రాసినాఁడు. యూరిపిడీసునకు దండన లేదు. ఉత్సవము నగరముది, గానబృందమున కైన వ్యయము నగరాజ్ఞచే ధనికుఁ డొకఁడు భరించినది. అనఁగా తన్ను దా నద్దమునఁ జూచికొనుటకు నగరమే వెల యిచ్చినది. బహుమానము మాత్రము రెండవది. మొదటిది క్సెనోక్లీసు అను కవి కిచ్చిరి. మున్ను మిత్రుల దుఃఖమునకు నేడ్చి కవిని దండించినవారు, నేఁడు శత్రువుల దుఃఖమును జూచి దండింపక రెండవ బహుమాన మిచ్చిరనుటలో నేది యెక్కువ యుదారమో నిర్ణయించుట కష్టము. ఏడ్వనివానికిఁ గోపమును రాదు.

మన స్త్రీపర్వముతో దీనిఁ బోల్పక పోవుట తెలుఁగువానికి సాధ్యము గాదు. దానిఁ దెనిఁగించిన తిక్కనసోమయాజి మంత్రి; మనుమసిద్ధికి సాహాయ్యము గోరి యోరుఁగంటి గణపతిదేవునికడకు రాయబార మేఁగెనని ప్రసిద్ధి. పరరాష్ట్రవ్యవహారము పుస్తకములలోఁ గాక చేతిలో నెఱిఁగిన కవి. గాంధారి రణభూమిని జూచి, ఆపఁగలిగియు నాపలేదని కృష్ణుని శపించును. అయినను నామె కోపము పరపక్షమువానిపైఁ బడినది. స్వపక్షముపై నామె పలికిన మాటలకు ఉద్యోగపర్వమును జూడవలయును: కొడుకునకు బుద్ధిచెప్పుటకై సభకుఁ బిలిపింపఁబడి, తొలుత ధృతరాష్ట్రునే తప్పుపట్టును. యుద్ధమునకు ముందు స్వపక్షమును నిందించుట, పిమ్మట నేడ్చుట, ఇదియే ధర్మక్రమము. ధర్మరాజు నిర్వేద మింకను లోతైనది గాని, యది రాజు తన్నుఁ దా నేవగించుకొనుట. పదివేల కర్తలుగల ణిజంతక్రియ భారతమునఁ దటస్థింపలేదు.

ఈ నాటకమును దరువాతఁ జేపట్టినవారిలో స్వదేశముపై మనసు విఱిగినవారే పలువు రుండుట విచిత్రము గాదు. మర్రే దీని ననువదించిన కాలమున, దక్షిణాఫ్రికాలో బోయరుయుద్ధము ముగిసి మూఁడేండ్లు; ఆతఁ డా యుద్ధమును వ్యతిరేకించినవాఁడు. ఆంగ్లేయుల శిబిరములలో బోయరుస్త్రీలును బిల్లలును 26,000 మందికిఁ బైగాఁ జచ్చిరి. నల్లజాతివారి శిబిరములలోఁ జచ్చినవారు వేఱు. మర్రే తన యనువాదమున ట్రాన్స్‌వాలు పేరెత్తలేదు; లండనులోఁ జూచినవారికి నెత్త నవసరము లేకపోయినది. ఫ్రెంచి రచయిత సార్త్రు 1965 లోఁ జేసిన రూపాంతర మిట్టిది గాదు. అల్జీరియాయుద్ధమున తన దేశము చేసిన దానిపైఁ గడుపుమంట గలవాఁడగుటచే, ఆండ్రోమకి నోట ఐరోపా యనియు నాఫ్రికా యనియుఁ బలికించినాఁడు. చివరఁ బొసైడనును మరల రప్పించి, యుద్ధము చేయువారలారా మీరును జత్తురని చెప్పించినాఁడు. ఆతని ధైర్యమునకు నమస్కారము. కావ్యదృష్టితో మాత్రము వ్యంగ్యమును వాచ్యము చేసినాఁడని చెప్పక తప్పదు. ప్రేక్షకుఁడు తనంతఁ దాను “ఇది మేమే” యని గుర్తించుటకును, “ఇది మీరే” యని యింకొకఁడు చెప్పఁగా వినుటకును నడుమ, దోషి యొప్పుకోలునకును ప్లీడరు వాదమునకును గల భేద మున్నది. 2013 లో జోర్డానుదేశమున, సిరియానుండి పాఱివచ్చిన స్త్రీలు తమ కథలను గలుపుకొని యీ నాటకము నాడిరి. వారు కవి పక్షమువారు గారు, హెక్యుబా పక్షమువారు. కావున వారు వాచ్యముగాఁ జెప్పుట దోషము గాదు.

సిసిలీకిఁ బోయిన నౌకాబలము 413 లో సమూలముగ నశించినది. చెఱఁబట్టఁబడిన 7,000 మందికిఁ దక్కువ గాని జనులను సిరక్యూసునగరమువారు రాతిగనులలోఁ బడవేసిరి. పెక్కం డ్రాకటితోను రోగముతోను జచ్చిరి. సిసిలీవారికి యూరిపిడీసు పద్యములన్నఁ బ్రాణమనియు, వానిఁ జదువఁగలిగిన చెఱవారికి విడుదలయు, యుద్ధానంతరము దారి తప్పి తిరుగువారి కన్నపానీయములును దొరకినవనియు ప్లూటార్కు వ్రాసినాఁడు. అట్లు బ్రదికి యింటికి మరలివచ్చినవారు కొందఱు కవియింటికిఁ బోయి, తమకు జ్ఞప్తియందున్న పద్యములచేఁ దాము బ్రదికితి మని చెప్పి నమస్కరించిరఁట. అందులకుఁ గవి యేమనెనో ప్లూటార్కు వ్రాయలేదు.